కుర్చీలో కూర్చున్న హరిశ్చంద్రుడు: పద్యకచేరీ మంచిదేనా?

పెన్నాతీరం (నెల్లూరు)

గత ఆదివారం సాయంత్రం నెల్లూరు పురమందిరంలో ఒక పద్యకచేరీ జరిగింది. చిన్నతనంలో మా ఊరి తిరణాళ్ళలో రాత్రంతా మేలుకొని ఏ హరిశ్చంద్రుణ్ణి చూశానో ఆ నటుడే, ఇప్పుడు ఎనభైకి దగ్గరపడిన వయసులో, తెల్లపంచె కట్టుకొని, కండువా వేసుకొని, కుర్చీలో కూర్చొని గంటన్నరసేపు పద్యాలు పాడారు. కిరీటం లేదు, తెర లేదు, కాటిసీనులో భుజాన వేసుకొనే కర్ర లేదు; ముందొక మైకు, పక్కన హార్మోనియం, అంతే. కచేరీ ముగిశాక బయట మెట్ల దగ్గర మిత్రుల మధ్య వాదం పెరిగింది. పద్యాన్ని నాటకం నుంచి విడదీసి ఇలా పాడించడం ఆ నటుడికి గౌరవమా, లేక నాటకం ఆడించే శక్తి లేక మనం వెతుక్కొన్న దగ్గరిదారా అన్నది ప్రశ్న. చర్చ మనిషి మీదికి మళ్ళకూడదని ఆయన పేరు రాయడం లేదు.

నా అభిప్రాయం ముందుగా చెబుతాను. నేను కచేరీ పక్షం. అయితే ఆ పక్షానికి తేలికగా చేరలేదు.

మాది సింగరాయకొండకూ కందుకూరుకూ నడుమనున్న పల్లె. పొగాకు అమ్మకాలు ముగిసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో తిరణాళ్ళు వచ్చేవి. మా నాన్న గోనెపట్టా ఒకటి, దుప్పటి ఒకటి చంకన పెట్టుకొని, నన్ను వేలు పట్టి నడిపించుకొని వెళ్ళి, హార్మోనియం వాయించే ఆయనకు ఎదురుగా కూర్చోబెట్టేవాడు. వారణాసి ఘట్టంలో నక్షత్రకుడి వేధింపులకు జనమంతా నవ్వుతూ, అంతలోనే చంద్రమతిని కాలకౌశికుడికి అమ్మేవేళకు కళ్ళు తుడుచుకొంటూ ఉండేవారు. కాటిసీను వచ్చేసరికి మూడో జాము అయ్యేది. నాకు అప్పటికి పద్యం అర్థమయ్యే వయసు కాదు. నాలుగో పాదం చివర ఆయన రాగం ఎత్తుకొంటే ఊరిబయటి తాటితోపు దాకా వినిపిస్తుందని మాత్రం తెలుసు.

ఆ గొంతు వినాలనే ఆదివారం వెళ్ళాను. మొదటి పద్యానికే గుండె జారిపోయింది. శ్రుతి బాగా తగ్గించారు, రాగం ఎక్కడా సాగదీయలేదు, రెండుచోట్ల ఊపిరి అందక పాదం మధ్యలో ఆగారు. నా వెనక వరుసలో ఒకరు నిట్టూర్చి లేచి వెళ్ళిపోయారు. నేను కూడా లేచి ఉంటే ఈరోజు ఈ మాటలు రాసేవాణ్ణి కాదు.

నాలుగో పద్యంగా కాటిసీనులోని జాషువా సీసం అందుకొన్నారు. కవి కలం, రాజు ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె, ఒక్కో పాదానికి ఒక్కో వస్తువు ఆ శ్మశానంలోనే నశించిపోయినట్టు చెప్పే పద్యమది. చిన్నప్పుడు రాగమే విన్నాను. ఆదివారం నల్లపూసలు విన్నాను. ఆ మాట దగ్గర ఆయన గొంతు పెంచలేదు సరికదా, ఇంకా తగ్గించి, పక్కనున్నవారికి చెబుతున్నట్టుగా అని, ఒక్క క్షణం ఆగి తరువాతి పాదంలోకి వెళ్ళారు. హార్మోనియం కూడా ఆ క్షణం ఊరకుండిపోయింది. నాటకంలో ఆ మౌనానికి చోటుండదు. ఈలలు, వన్స్‌మోర్లు దాన్ని మింగేస్తాయి. యాభై ఏళ్ళ తరువాత ఆ పద్యం నాకు మొదటిసారి అందింది కనుక ఈ కచేరీలు జరగాలనే నేను కోరుకొంటున్నాను.

పొదిలివాసి

పెన్నాతీరం గారి అనుభవాన్ని కాదనను. కానీ ఒక మనిషికి కలిగిన అనుభూతిని ఒక కళకు విధానంగా మార్చలేము.

నాటకంలో పద్యం ఒకరు మరొకరితో అనే మాట. పాము కరిచిన లోహితుణ్ణి ఒడిలో పెట్టుకొని చంద్రమతి ఎదుట ఉన్నప్పుడు, కాటిసుంకం అడగక తప్పని భర్త నోట వచ్చిన పద్యానికి ఉన్న బరువు, మైకు ముందు పూలదండతో కూర్చున్న మనిషి నోట వస్తుందా? ఎదుటి మనిషిని తీసేస్తే పద్యం పాటగా మిగులుతుంది. పాట వినడానికైతే ఇంట్లో రికార్డు ఉండనే ఉంది. పాటల మోజు నటనను తినేస్తున్నదని బళ్ళారి రాఘవ వంటి మహానటుడు ఆ రోజుల్లోనే బాధపడ్డారు. ఆయన 1946లో కన్నుమూశారు, మనం మాత్రం తినగా మిగిలిన నటనను కూడా తీసేసి పాటనొక్కదాన్నే వేదిక ఎక్కించాము.

రెండో సంగతి డబ్బు. పూర్తి నాటకం వేయించాలంటే పదిమందికి పైగా నటులు, వాద్యాలు, మేకప్పు, దుస్తులు, తెరలు, రాత్రి భోజనాలు, వాహనం కావాలి. కచేరీకి ఇద్దరు ముగ్గురు చాలు. మా ప్రాంతంలో ఒక గుడి కమిటీ మూడేళ్ళ కిందట నాటకం మానేసి కచేరీ పెట్టింది. మరుసటి ఏడు కూడా కచేరీయే. ఆ తరువాత అదీ లేదు, పాటల ఆర్కెస్ట్రాను పిలిచారు. జనం నాటకం అడగడం మరిచిపోవడానికి రెండేళ్ళు సరిపోయాయి. ఒక్కో కచేరీ ఒక్కో నాటకం చోటును ఆక్రమిస్తున్నదని నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట ఇది.

హార్మోనిస్టు (కనిగిరి దగ్గర)

ముప్పై ఏళ్ళకు పైగా కాంట్రాక్టు నాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి. ఇద్దరి మాటలూ చదివాక నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్పాలనిపించింది.

నాటకం అంటే అఖండమైన అభినయం, కచేరీ అంటే దాన్ని ముక్కలు చేయడం అన్నట్టు పొదిలివాసి గారు రాశారు. కాంట్రాక్టు నాటకంలో హరిశ్చంద్రుడు ఒక్కడే ఉండేవాడా? మొదటి భాగానికి ఒకరు, వారణాసికి ఒకరు, కాటిసీనుకు ఒకరు, ఇలా ముగ్గురు పేరున్న నటుల్ని కుదిర్చి గోడపత్రిక వేసేవారు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాలకు కృష్ణులు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. జనం కథకోసం రాలేదు, కథ అందరికీ తెలుసు. ఎవరు ఏ పద్యాన్ని ఎలా ఎత్తుకొంటారో పోల్చి చూసుకోవడానికి వచ్చారు. వన్స్‌మోర్ అంటే ఏడుస్తున్న పాత్ర ఏడుపు ఆపి, హార్మోనియం వైపు ఒకసారి చూసి, అదే పద్యం మళ్ళీ మొదలుపెట్టేది. నాటకం లోపలే కచేరీ ఉండేది, అది కొత్తగా పుట్టింది కాదు.

పద్యం నాటకాన్ని విడిచి వెళ్ళడం కూడా కొత్త కాదు. 78 ఆర్‌పీఎం గ్రామఫోను పళ్ళెంలో ఒక వైపున పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలాన్ని ఒక్కసారైనా చూడని ఇళ్ళలో సైతం ఆ మూడు నిమిషాల పద్యాలు మారుమోగాయి. ఇక పెన్నాతీరం గారు చెప్పిన సీసం సంగతి చూడండి. సత్యహరిశ్చంద్రీయం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. శ్మశానవాటి పద్యాలు జాషువా గారివి. అవి నాటకం కోసం రాసినవి కావు. హరిశ్చంద్రుడి నోట పెడితే బాగుంటాయని నటులు తెచ్చి పెట్టారు, జనం ఔనన్నారు, ఇప్పుడవి లేకుండా కాటిసీను ఊహించలేము. బయటి నుంచి వచ్చి నాటకంలో కలిసిన పద్యం మళ్ళీ బయటికి వస్తే తప్పెలా అవుతుంది?

శ్రుతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వెనక వరుసలో లేచి వెళ్ళినాయన వంటివారు చాలామంది ఉన్నారు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించాలంటే పై శ్రుతిలో పాడక తప్పేది కాదు. అయిదున్నర, ఆరు శ్రుతుల్లో రాత్రంతా పాడి, పొద్దున బస్సెక్కి, సాయంత్రానికి ఇంకో ఊళ్ళో మేకప్పుకు కూర్చొన్న గొంతులవి. మైకు వచ్చాక కూడా ఆ శ్రుతి దిగలేదు, అది నటుడి మగతనానికి కొలబద్ద అయిపోయింది. అందువల్ల ఎన్ని గొంతులు యాభై ఏళ్ళకే పగిలిపోయాయో నా పెట్టెకు తెలుసు. ఇప్పుడు ఆ పెద్దాయన మూడు శ్రుతికి దిగి పాడితే అది పరాజయం కాదు. పద్యానికి తాళం లేదు, పాటకు వాయించినట్టు తబలా దాన్ని పట్టుకొని నడిపించదు. నటుడి ఊపిరే దాని లయ. ఊపిరి తగ్గినప్పుడు తెలిసినవాడు రాగాన్ని వదులుకొంటాడు, మాటను వదులుకోడు. తెలియనివాడు మాటను మింగి రాగం లాగుతాడు. ఆయన చేసినది మొదటిది.

ఒక్క విషయంలో మాత్రం పొదిలివాసి గారితో ఏకీభవిస్తాను. నక్షత్రకుణ్ణి ఏ కచేరీలోనూ వినిపించలేము. ఎదుట హరిశ్చంద్రుడు లేకపోతే ఆ పాత్రకు ఊపిరే లేదు.

ఒంగోలు ఉపాధ్యాయిని

హార్మోనిస్టు గారు చివర అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నక్షత్రకుడి గురించి చెప్పారు కానీ, చంద్రమతి గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ పదేళ్ళలో ఒంగోలులోనూ చుట్టుపక్కలా నేను విన్న పద్యకచేరీలన్నిటిలో పాడినవారు హరిశ్చంద్రులు, కృష్ణులు, అర్జునులు. చంద్రమతి పాత్రధారిణిని ప్రధాన గాయనిగా కూర్చోబెట్టిన కచేరీ ఒక్కటి కూడా నేను చూడలేదు. పురుషులే స్త్రీపాత్రలు వేసిన కాలంలో బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు గారికి సత్యభామగా దక్కిన మన్నన చిన్నది కాదు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఆడవారే ఆడవేషాలు కట్టారు. ఆ తరువాత కాంట్రాక్టు నాటకాలకు వచ్చిన స్త్రీలు, ఇంట్లో పసిబిడ్డల్ని వదిలి, తెల్లవారేదాకా వేదిక మీద ఏడ్చి, ఊరూరా చెడ్డమాటలు పడి, ఆ హరిశ్చంద్రుల పద్యాలకు ఎదుటి మనిషిగా నిలబడ్డారు. పొదిలివాసి గారు చెప్పిన బరువు వారు మోసినదే.

కచేరీ వద్దని నేను అనడం లేదు. కానీ కచేరీ ఎవరిని మిగులుస్తున్నది, ఎవరిని తుడిచేస్తున్నది అన్నది చూడకుండా మంచిచెడ్డలు తేల్చడం నాకు సమ్మతం కాదు. నాటకంలో జీతం తక్కువైనా గోడపత్రిక మీద ఆమె పేరు ఉండేది, కచేరీలో ఆ పేరూ లేదు. చంద్రమతికి పద్యాలు లేవా? లోహితుడి మీద పడి ఏడ్చే పద్యాలు ఆమెవి కావా?

కావలి విద్యార్థి

నాకు ఇరవైరెండేళ్ళు. ఆదివారం కచేరీకి మా తాతయ్యను తీసుకొని వెళ్ళాను. పద్యనాటకం ఒక్కటి కూడా నేను చూడలేదు, కనుక పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు. తాతయ్య ప్రతి పద్యానికి ముందే దాని మొదటి మాట నా చెవిలో చెబుతూ వచ్చారు. ఇంటికి వచ్చాక ఆ సీసం నాలుగు పాదాలూ ఆయన చేత చెప్పించుకొని రాసుకొన్నాను. కచేరీ వల్ల నాటకం చోటు పోయిందని పొదిలివాసి గారు అంటున్నారు, కానీ నాకు నాటకం చూడాలన్న కోరిక పుట్టింది కచేరీ వల్లనే. పూర్తి హరిశ్చంద్ర, రాత్రంతా ఆడేది, మన జిల్లాల్లో ఈ ఎండాకాలం ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పండి.

పొదిలివాసి

తమ్ముడి ప్రశ్నకు జవాబు: మా వైపు ఒక ఊళ్ళో తిరణాళ్ళకు ఇంకా పూర్తి నాటకం వేస్తున్నారు. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాస్తాను, పడుకోవడానికి మా ఇల్లు ఉంది. నా అభిప్రాయం మారలేదు కానీ, ఉపాధ్యాయిని గారు లేవనెత్తిన విషయం నాకు తోచనందుకు బాధపడుతున్నాను. ఎదుటి మనిషి కావాలని వాదించిన నేను, ఆ ఎదుటి మనిషి ఎవరో చెప్పలేదు.

పెన్నాతీరం (నెల్లూరు)

మొదట రాసినప్పుడు ఒక సంగతి విడిచిపెట్టాను. అది చర్చకు సంబంధించినదని అప్పుడు అనుకోలేదు.

కచేరీ అయ్యాక జనం పలచబడేదాకా ఆగి ఆయన దగ్గరకు వెళ్ళాను. మా ఊరి పేరు చెప్పి, చిన్నప్పుడు ఆ తిరణాళ్ళలో మీ కాటిసీను చూశానని, ఆ రాత్రి తరువాత ఏడాదిపాటు బడిలో మీలాగే పాడేవాణ్ణని చెప్పాను. నమస్కరించి కాళ్ళు ముట్టుకోబోతే చేయి పట్టుకొని ఆపారు. కాసేపు ఆలోచించి, చెరువుకట్ట పక్కన వేదిక వేసిన ఊరే కదా అన్నారు. ఔనన్నాను. ఆ రాత్రి చంద్రమతి ఎవరు నాయనా అని అడిగారు.

నాకు గుర్తులేదు. ఆయన వేసుకొన్న నల్లకంబళి గుర్తుంది, కర్ర పట్టుకొన్న తీరు గుర్తుంది, చంద్రమతి ముఖం ఎంత వెతికినా రాలేదు. అప్పుడు ఆయనే ఆమె పేరు చెప్పారు. ఆ రాత్రి తనకు జ్వరమని, మూడో పద్యానికి గొంతు పూర్తిగా మూసుకుపోతే, ఆమె తన పద్యాన్ని ముందుకు జరిపి అందుకొని, రాగం ఎక్కువసేపు సాగదీసి, తాను తేరుకొనేదాకా సీను నిలబెట్టిందని చెప్పారు. నేను తాటితోపు దాకా వినిపించిందనుకొంటున్న రాగాల్లో ఆమెది ఎంతో, ఆయనది ఎంతో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

ఆమె కోవూరు దగ్గర కూతురి ఇంట్లో ఉన్నారట, గొంతు ఇప్పటికీ బాగుందట. ఆయన ఇచ్చిన ఫోను నంబరు నా దగ్గర ఉంది. ఉపాధ్యాయిని గారు వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి రాగలిగితే ఇద్దరం కలిసి వెళ్దాము. హార్మోనిస్టు గారు పెట్టె తీసుకొని వస్తే, ఆమె ఇప్పుడు ఏ శ్రుతిలో పాడగలరో ఆమెనే అడుగుదాము.