ఉగాదినాటి ఉద్దానం: నా నవలలో చెట్లూ పిట్టలూ సరిగ్గా ఉన్నాయా?

పెరటిమల్లె:
నమస్కారమండి. రాస్తున్న నవలలో ముఖ్య పాత్ర విజయనగరంలో ఉండే రచయిత్రి. తోటలన్నా పిట్టలన్నా ప్రాణం, కనపడిందల్లా నోటుబుక్కులో రాసుకుంటుంది. 1992 ఉగాదికి రైల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి, అంటే కొబ్బరి, జీడితోటల ప్రాంతానికి, వజ్రపుకొత్తూరు వైపు అమ్మమ్మగారి ఊరు వస్తుంది. ఆ అధ్యాయంలో ఇవన్నీ పెట్టాను: కిటికీలోంచి పచ్చటి వరిచేలు, నూతి పక్క తాటిచెట్టుకు గూళ్లు అల్లుతున్న గిజిగాళ్లు, మామిడి పూత తింటున్న కోయిల, మోదుగ పూలు, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి ఊళ్లో కొంగలు, తీగ మీద ‘మన రాష్ట్ర పక్షి’ రామచిలుక. ఈ ప్రాంతం తెలిసినవాళ్లు తప్పులు చెప్పండి, మొహమాటపడొద్దు.

గెడ్డగట్టు:
మోదుగ ఒక్కటే నిలిచిందండి, అదీ పూసే కాలం కొసాన. మిగతావన్నీ దిద్దుకోవాలి.

ముందు తేదీ. 1992లో ఉగాది ఏప్రిల్ 4న వచ్చింది. అంతకుముందు ఏడు మార్చి 17నే. తిథి మూడు వారాలు అటూఇటూ జరుగుతుంది, చెట్టు మాత్రం ఎండని బట్టి నడుస్తుంది. కాబట్టి పండగను కాదు, తేదీని పట్టుకుని రాయండి.

వరి: ఇక్కడ ఎక్కువ పల్లం ఒక్క పంటే. డిసెంబరుకి కోతలైపోతాయి. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు చేలోనే మినుమో పెసరో చల్లుతారు, అదీ ఉగాదికి పీకేసి ఉంటుంది. కిటికీలోంచి కనపడేది ఎండిన వరి దుబ్బులు, నెర్రెలిచ్చిన మడి, వదిలేసిన పశువులు. నాగావళి, వంశధార వంతెనల కింద నీరు పాయలుగా, మిగతాదంతా ఇసుక. నౌపడ వైపు ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలు. పచ్చదనం పూండి స్టేషను దాటి తోటల్లోకి వెళ్లాకే మొదలవ్వాలి. ఆ తేడాయే మీ అధ్యాయానికి బలం.

గిజిగాడు: వానాకాలం పిట్ట. మగదానికి పసుపు రంగొచ్చి గూడు అల్లేది తొలకరి పడ్డాకే, ఆకు పచ్చిగా ఉంటేనే నారలా చీలి ముడిపడుతుంది. ఏప్రిల్లో తాటిమట్టకు నిరుటి గూళ్లు గోధుమరంగుకి తిరిగి, గొట్టాలు చిరిగి వేలాడుతుంటాయి. వాటినే రాయండి.

తేలుకుంచి: చిల్లుముక్కు కొంగలు వానలకు వచ్చి, పిల్లలు ఎగరగానే చలికాలం ముందు వెళ్లిపోతాయి. ఉగాదికి చెట్లు ఖాళీ. కొంగలే కావాలంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం పెట్టుకోండి. గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు అక్కడ సెప్టెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఊరివాళ్లు ‘సైబీరియా పక్షులు’ అంటారు, సంభాషణలో అననివ్వండి. రచయిత్రి నోటుబుక్కులో మాత్రం వద్దు. రెండూ మన దేశంలోనే గుడ్లు పెట్టే జాతులు.

రాష్ట్ర పక్షి: రామచిలుక అయింది 2018లో. 1992లో పాలపిట్ట. అదే నయం మీకు. వసంతంలో మగ పాలపిట్ట పైకెగిరి, అటూఇటూ దొర్లుతూ, గీరగొంతుతో అరుస్తూ కిందికి జారుతుంది. మొండి తాటిమాను తొర్రలో గూడు.

కుంకుడుచెట్టు:
కవిత్వానికి ఇన్ని లెక్కలెందుకండీ? వసంతమంటే మామిడి పూత, కోయిల. పాఠకుడికి చాలు.

జీడిపిక్క:
కుంకుడుచెట్టు గారూ, ఉగాది పచ్చడిలోకి మామిడికాయ ముక్కలు తరుగుతాం కదా, మరి చెట్టుకి పూతెక్కడిది? ఇటువైపు సువర్ణరేఖ మామిడి పూత డిసెంబరు, జనవరుల్లో. ఏప్రిల్ మొదటి వారానికి పచ్చికాయ వేలాడుతుంది. ఆ వేళకి పూసేది వేప. పైగా కోయిల తినేది పళ్లు: రావి, మర్రి, వేప. ‘కుహూ’ అంటూ స్థాయి పెంచేది నల్లటి మగది, కన్ను ఎర్రగా ఉంటుంది. ఆడదానికి గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, అది ‘కిక్ కిక్’ అని అరుస్తుంది. కాకి గూడు కట్టే కాలమంతా కూస్తుంది కనుక వైశాఖం, జ్యేష్ఠం కూడా కోయిలవే. నోటుబుక్కు పట్టుకు తిరిగే మనిషి ఇవి పొరబడితే పాత్రే పడిపోతుంది.

ఉద్దానం రాస్తూ జీడి వదిలేశారేమిటి! ఏప్రిల్లో ఒకే చెట్టు మీద చివరి పూత, పచ్చి పిక్క, ముదిరిన పండు మూడూ ఉంటాయి. పిక్క ముందు పూర్తిగా ఎదుగుతుంది, పండు ఉబ్బేది ఆఖరి రోజుల్లోనే. రాలినవాటిని ఏరి, పిక్క మెలితిప్పి తీస్తారు. పిక్కని పళ్లతో కొరికించకండి, పెంకులోని జీడినూనెకి పెదవి బొబ్బలెక్కుతుంది. పలాసలో బేరం 80 కిలోల బస్తా లెక్క. పండు కుప్పగా పడిన చోట పులిసిన వాసన, ఈగలు. కొబ్బరి నీడ మీ ఇష్టమొచ్చినంత చిక్కగా రాసుకోవచ్చు, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపాను ఇంకా రాలేదు కదా.

పెరటిమల్లె:
తలంటు పోసినట్టుంది, ధన్యవాదాలు! ఇంకో రెండు. అమ్మమ్మగారి పెరట్లో మల్లె అప్పటికి పూస్తుందా? దండెం మీద తేనెపిట్ట గూడు పెట్టొచ్చా?

గెడ్డగట్టు:
రెండూ పెట్టొచ్చు. మల్లెకి డిసెంబరులో నీళ్లు ఆపి, జనవరిలో ఆకు దూసి, మోకాలెత్తుకి కత్తిరించి, ఎరువేసి తడి పెట్టి ఉండాలి. అలా చేస్తే మార్చి నుంచి మొగ్గ. కత్తిరించకపోతే ఆకు బలుస్తుంది, పూలు పలచబడతాయి. అమ్మమ్మగారు మధ్యాహ్నం మొగ్గ కోసి తడిగుడ్డలో పెడితే సాయంత్రానికి విచ్చుకుంటుంది.

తేనెపిట్ట గూడు అల్లేది ఆడది. సాలెగూటి దారంతో ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళిపురుగు పెంటికలు అతికిస్తుంది. దూరానికి గాలికి చిక్కుకున్న చెత్తలా ఉంటుంది. ద్వారం పక్కన, పైన చిన్న చూరు. గుడ్లు సాధారణంగా రెండు. దండెం మీద గూడు ఉన్నన్నాళ్లు ఆ కొసన బట్టలు వేయనివ్వకండి.

మామిడికొమ్మకు, చెట్టు సారం పీల్చి బతికే బదనిక మొక్క కూడా ఒకచోట తగిలించండి. దాని పండు తినే ఫ్లవర్‌పెకర్ అంగుష్ఠమంత పిట్ట, బూడిదరంగు. జిగురుగింజ వదలక, ఒళ్లు కొమ్మకి రాసుకుంటుంది. గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. తోట మీద శ్రద్ధ ఉన్న మనిషైతే బదనికను కొమ్మతో సహా నరికిస్తాడు. మీ రచయిత్రి నరకనిస్తుందో లేదో మీరే తేల్చుకోవాలి.