పాత మియాటా మిస్ కొడుతోంది: ముందు పార్టులు మార్చాలా, లోపం వెతకాలా?

ఎర్ర_మియాటా (డాలస్)
అందరికీ నమస్తే. నాది 1992 మాజ్డా మియాటా, 1.6 ఇంజన్, మాన్యువల్ గేర్లు. మూడు వారాలుగా మిస్ కొడుతోంది, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోవట్లేదు. ఐడిల్‌లో పెద్దగా తెలియదు. మూడో గేరులో, 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు కుదుపు. తేమగా ఉన్న పొద్దుటిపూట మరీ ఎక్కువ, వేడెక్కాక కొంచెం తగ్గుతుంది. ఎనిమిది నెలల కిందట ఇలాగే అయితే ఇక్కడొక వర్క్‌షాపులో ప్లగ్గులు, వైర్లు కొత్తవి వేశారు, బాగైపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదలు. ఈసారి ప్లగ్గులకి హై వోల్టేజీ ఇచ్చే కాయిల్ ప్యాక్ మార్చాలంటున్నారు. మా బావ ఏమో ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూడకుండా రూపాయి పెట్టొద్దంటాడు. మీరేమంటారు?

మెల్‌బోర్న్_రోడ్‌స్టర్
అన్నా, మార్చెయ్. నాది 1990 బండి, పదేళ్ళుగా నా చేతుల్లోనే ఉంది. ఈ కార్లకి ప్లగ్ వైర్లు అరిగిపోయే సరుకు, బ్రేక్ ప్యాడ్లలాగే. పైగా మీటరుతో వైరు కొలిస్తే ఏం తెలుస్తుంది? మల్టీమీటరు పెట్టేది కొద్ది వోల్టులు. ఆ వైరులో పారేది వేల వోల్టులు. ఇన్సులేషన్ ఎక్కడ చిట్లిందో ఆ అంకె చెప్పదు. నేను కొలిచి బాగుందనుకున్న వైరే నన్ను నెల రోజులు తిప్పింది. అందుకే అంటున్నా, ప్లగ్గులు, వైర్లు, కాయిల్ ఒకేసారి వేసెయ్, మళ్ళీ చూడక్కర్లేదు.

ఆటోనగర్_బిడ్డ (విజయవాడ)
తమ్ముడూ, కాయిల్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. మా నాన్నగారికి ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, నేను పెరిగింది ఆ షెడ్డులోనే. ఆయన మిస్సింగ్ బండి వస్తే పానా పట్టేముందు ఒకటే అడిగేవారు: ఏ సిలిండర్? అది తెలియకుండా డబ్బా విప్పనిచ్చేవారు కాదు.

నీ ఇంజన్‌లో రెండు కాయిళ్ళు ఉంటాయి. ఒకటి 1, 4 సిలిండర్లకి, రెండోది 2, 3కి. ఒక్కో కాయిల్ తన జతలో రెండు ప్లగ్గులకీ ఒకేసారి నిప్పు కొడుతుంది. ఒక సిలిండర్ కంప్రెషన్‌లో (గాలీ పెట్రోలూ నొక్కుతూ) ఉంటే రెండోది పొగ బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ పడే నిప్పు వృథా. దీన్నుంచే సగం జవాబు దొరుకుతుంది. జత మొత్తం పడిపోతే కాయిల్ మీదో, దానికి సిగ్నలిచ్చే ఇగ్నైటర్ మీదో అనుమానం. ఒక్కటే పడిపోతే ముందు ఆ ప్లగ్గు, ఆ వైరు, పెట్రోలు చిమ్మే ఆ ఇంజెక్టర్, ఆ సిలిండర్ కంప్రెషన్ చూడాలి. నీది 1992 కాబట్టి ఫలానా సిలిండర్ మిస్ అని కంప్యూటర్ కోడ్ చూపించదు. అమెరికాలో ఆ సౌకర్యం 1996 బండ్ల నుంచి. అందుకని చేత్తోనే వెతకాలి. ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి పెట్టు. ఏది పీకినా ఇంజన్ ఇంకా వణకాలి. ఏది పీకితే తేడా రాదో అదే దొంగ. ప్లగ్ వైర్లు మాత్రం పీకొద్దు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

మెల్‌బోర్న్_రోడ్‌స్టర్
అన్నగారూ, ఆయన ఐడిల్‌లో తెలియదంటున్నారుగా? లోడు మీదే వచ్చే మిస్సుకి ఐడిల్‌లో చేసే టెస్టు ఎలా సరిపోతుంది?

ఆటోనగర్_బిడ్డ
సరైన ప్రశ్న. గట్టిగా తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు నిప్పు ప్లగ్గు సందు దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఇంకెక్కడైనా సులువైన దారి ఉంటే అటు దూకేస్తుంది. వేడెక్కిన ఇంజన్ మీద ఐడిల్‌లో అది దొరకదు, ఒప్పుకుంటా. అందుకే తేమగా ఉన్న పొద్దున, స్టార్ట్ చేసిన వెంటనే చూడమను. అప్పటికీ దొరక్కపోతే రాత్రి లైట్లార్పి బానెట్ ఎత్తి, వైర్ల మీద నీళ్ళు మంచులా స్ప్రే చెయ్యాలి. కరెంటు కారుతున్న చోట నీలం మెరుపు కంటికి కనపడుతుంది. చెయ్యి మాత్రం దూరం.

గల్లీ_రేసర్ (హైదరాబాద్)
అన్నా, గాలి మీటరు నుంచి థ్రోటిల్ (ఇంజన్లకి గాలి ఇడిసే మూత) దాకా పోయే రబ్బరు గొట్టం చూస్కున్నవా? 1.6 బండ్లల్ల అది పగుల్తది. మీటరు దాటినంక పగులులకెళ్ళి లోపలికి పోయే గాలి లెక్కల రాదు, పెట్రోలు తక్కువ పడ్తది. తొక్కినప్పుడు ఇంజన్ ఒరిగి పగులు ఇంకా తెర్చుకుంటది. ముడతల్ల వేలు పెట్టి సూడు, పైకెళ్ళి కనవడదు.

ఎర్ర_మియాటా
ఆదివారం పొద్దున వాన పడి ఆగింది, అదే సమయమని దిగాను. గొట్టం బాగుంది, ముడత ముడతా తడిమి చూశాను. ఇంజెక్టర్లు ఒక్కొక్కటే పీకాను. 1, 2, 3కి ఇంజన్ ఆగిపోయేలా వణికింది. 4 పీకితే దాదాపు ఏమీ మారలేదు. 1 బాగానే పనిచేస్తోంది, అంటే జత పోలేదు.

నాలుగో వైరు బూటు (ప్లగ్గు మీద తొడిగే రబ్బరు) లాగితే జారుతూ వచ్చింది, రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది. టార్చి వేసి చూస్తే ప్లగ్గు గుంతలో వేలి కణుపు లోతున ఇంజన్ ఆయిల్. గుడ్డతో ఆయిలంతా పీల్చి, అప్పుడు ప్లగ్గు విప్పాను. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. మిగతా మూడు గుంతలూ పొడిగానే ఉన్నాయి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్లకీ కాయిల్‌కీ కరెంటు ఆపి, థ్రోటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కూడా చూశాను: 176, 178, 173, 175 పీఎస్‌ఐ, నాలుగూ దగ్గరదగ్గరే. ప్రాణం లేచొచ్చింది.

ఆటోనగర్_బిడ్డ
దొరికింది. ఆ నల్ల గీతే నిప్పు పారిపోయిన దారి. క్యామ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత కింద ఉండే రబ్బరు సీలు) గట్టిపడి ఆయిల్ గుంతలోకి దిగుతోంది. ఆ వర్క్‌షాపువాళ్ళు ఎనిమిది నెలల కిందట ఆ ఆయిల్ చూసే ఉంటారు. చూసి కూడా కొత్త వైర్లు అందులోనే ముంచి పంపారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కాయిల్ కొని ఉంటే ఇంకో ఖర్చు, జబ్బు మాత్రం అలాగే ఉండేది.

మెల్‌బోర్న్_రోడ్‌స్టర్
కాయిల్ విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నా. కానీ వైర్ల మీద నా మాట మార్చను. గీత పడ్డ ప్లగ్గుకి కొత్త బూటు తొడిగితే బూటు లోపలా అదే గీత పడుతుంది, గీత పడ్డ బూటులో కొత్త ప్లగ్గు పెట్టినా అంతే. రెండూ కలిపే మార్చాలి. వైర్లు సెట్టుగానే దొరుకుతాయి కాబట్టి నాలుగూ వేసెయ్.

ఆటోనగర్_బిడ్డ
నాలుగోది ప్లగ్గూ వైరూ కలిపే మార్చాలి, అందులో వాదన లేదు. మిగతా మూడూ ఎనిమిది నెలలవే, పొడిగా ఉన్నాయి. సెట్టు కొన్నా ఆ మూడు కొత్త వైర్లూ డిక్కీలో దాచుకోమంటాను. ముందు గ్యాస్కెట్. మూలల్లో, క్యామ్ క్యాపుల దగ్గర కాస్త సీలెంట్ రాయాలి, అది వదిలేస్తే కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది. బోల్టులు మధ్య నుంచి బయటికి, కొంచెం కొంచెంగా బిగించు. అల్యూమినియం సిలిండర్ హెడ్ అది, బలం చూపించొద్దు.

ఎర్ర_మియాటా
గ్యాస్కెట్, వైర్ల సెట్టు, నాలుగు ప్లగ్గులు ఆర్డర్ పెట్టాను. కాయిల్ పెట్టలేదు. పని అయ్యాక వారానికోసారి నాలుగో గుంతలో టార్చి వేసి చూసి ఇక్కడే రాస్తాను.