క్లచ్ తొక్కితే ఎడమ గజ్జ దగ్గర నొప్పి. స్ట్రెచ్‌లతో తగ్గట్లేదు, ఏం చేయాలి?

వయసు 41. రోజూ కావలి నుంచి నెల్లూరుకు కారులో రాకపోకలు, గేర్ల బండి. ఎడమ తుంటి ముందు, సరిగ్గా తొడ మొదలయ్యే మడతలో రెండున్నర నెలలుగా నొప్పి. హైవే మీద ఏమీ ఉండదు. నెల్లూరు మినీ బైపాస్ ట్రాఫిక్‌లో క్లచ్ కోసం పదేపదే కాలెత్తుతుంటే మొదలవుతుంది. బండి దిగాక మొదటి నాలుగైదు అడుగులు నడుం నిటారుగా రాదు.

మంచం అంచున వెల్లకిలా పడుకుని కుడి మోకాలు రొమ్ముకు హత్తుకుంటే, ఎడమ తొడ మంచానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎత్తులో ఆగిపోతోంది. కుర్చీలో కూర్చుని మోకాలెత్తి, దాన్ని చేత్తో కిందికి నొక్కితే కలుక్కుమంటోంది. అందుకే సోయాస్ (నడుం వెన్నెముక నుంచి తొడ ఎముక దాకా ఉండి, తొడను పైకెత్తే కండరం) అనుకుంటున్నా. తిమ్మిరి, జ్వరం, రాత్రి నొప్పి లేవు. ఎక్స్‌రేలో కీలు బాగానే ఉంది.

ఆరు వారాలు లంజ్ స్ట్రెచ్ చేశాను: ఎడమ మోకాలు నేలకానించి 30 సెకన్లు, మూడుసార్లు, రెండు పూటలా. నడుం విల్లులా వంగితే సాగాల్సిన కండరం సాగదు కాబట్టి పిరుదు బిగించే చేశాను. అయినా మర్నాడు ఇంకా పట్టేస్తోంది. ఐసు పెడితే గంటసేపు హాయి, అంతే. సీటు ఎత్తు పెంచితే కొంచెం నయం. పది రోజులు బస్సులో తిరిగితే సగం తగ్గింది, మళ్లీ కారెక్కిన మూడో రోజుకే మొదటికొచ్చింది.

ఇది బిగుసుకున్న కండరం కాదు, బలం చాలక అలిసిపోతున్న కండరమని నా అనుమానం. ఇలాంటి నొప్పికి స్ట్రెచ్ ఆపేసి, పాదాలకు రబ్బరు బ్యాండ్ వేసుకుని మోకాలెత్తే వ్యాయామంతో తగ్గించుకున్నవాళ్లు వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లతో మొదలుపెట్టారు?