నాకౌట్ ఓటముల్లో అంపైర్ల వాటా ఎంత?

ప్రశ్న: అలిపిరి బాటసారి, తిరుపతి

భారత హాకీ జట్లు ఓడిన నాకౌట్ మ్యాచ్‌ల ప్రస్తావన వస్తే చాలు, మా మిత్రబృందంలో మాట ఆట మీద నిలవదు; నేరుగా అంపైర్ మీదికి పోతుంది. విశ్వవిద్యాలయం మైదానం వైపు సాయంత్రపు నడక ముగిసేలోగా ప్రతి ఓటమికీ ఒక ఈలో, ఒక కార్డో, ఒక గడియారమో కారణమని తేల్చేస్తారు. ఈ ధోరణి నాకు నచ్చదు. అలాగని ఫిర్యాదులన్నీ వట్టివేనని కొట్టిపారేయడానికీ మనసు ఒప్పదు. అధికారుల నిర్ణయం వల్లనే ఫలితం తారుమారైందని ఆధారాలతో నిలబెట్టగల మ్యాచ్ మనకు ఒక్కటైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

మా వాళ్లు తరచుగా చెప్పేవి మూడు. మొదటిది 2016లో లండన్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. మ్యాచ్ గోల్ లేకుండా ముగిసింది. ఒక్కో ఆటగాడు గోల్‌కీపర్‌ను ఒంటరిగా ఎదుర్కొనే షూటౌట్‌లో, ఆస్ట్రేలియా ఆటగాడు డేనియల్ బీల్‌ను మన గోల్‌కీపర్ శ్రీజేశ్ ఆపేశాడని మనమంతా అనుకున్నాక, ఆ ప్రయత్నాన్ని మళ్లీ తీసుకునే అవకాశం ఇచ్చారు. రెండోసారి గోల్ పడింది. షూటౌట్ 3-1తో ఆస్ట్రేలియాకు దక్కింది. మన జట్టు అధికారికంగా నిరసన తెలిపినా జ్యూరీ తోసిపుచ్చింది. రెండోది 2018 డిసెంబరులో భువనేశ్వర్‌లో నెదర్లాండ్స్‌తో ఆడిన ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్. ఆకాశ్‌దీప్ గోల్‌తో ముందంజ వేసి, 1-2తో ఓడాం. చివరి క్వార్టర్‌లో అమిత్ రోహిదాస్‌కు 10 నిమిషాలు మైదానం బయట కూర్చోబెట్టే ఎల్లో కార్డు పడింది. కోచ్ హరేంద్ర సింగ్ ఆ రోజు అంపైరింగ్‌ను బహిరంగంగానే తప్పుపట్టారు. మూడోది 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల సెమీఫైనల్. గడియారం మొదలవలేదని షూటౌట్‌లో ఒక ప్రయత్నాన్ని మళ్లీ ఆడించిన ఆ మ్యాచ్ గురించి వేరే చెప్పనవసరం లేదు.

సమాధానం ఇచ్చేవారు దయచేసి ఏ నియమం, ఆటలో ఏ దశ అన్నది కూడా రాయండి. ఆవేశంతో రాసినవి నేను ఇప్పటికే చాలా చదివాను.

పాత రేడియో, చిత్తూరు

బాటసారి గారూ, మీ జాబితా 2016లో మొదలవడమే నాకు వింతగా తోచింది. వివాదాస్పద నిర్ణయం గురించి మాట్లాడదలిస్తే 1975 మార్చి 15 నుంచి మొదలుపెట్టాలి. కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌తో ప్రపంచకప్ ఫైనల్. జాహిద్ షేక్ గోల్‌తో వాళ్లు ముందుకు వెళ్లారు, సుర్జీత్ సింగ్ స్కోరు సమం చేశాడు, ఆ తరువాత అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్ చట్రం లోపలి మూలకు తగిలి తిరిగి బయటికి వచ్చింది. అంపైర్ గోల్ ఇచ్చారు. బంతి గీత దాటనే లేదని పాకిస్తాన్ ఆటగాళ్లు చుట్టుముట్టారు. నిర్ణయం మారలేదు, 2-1తో కప్పు మనది. పురుషుల హాకీలో మనం గెలిచిన ప్రపంచకప్ నేటికీ అదొక్కటే.

ఆ రోజు జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానాన్ని రేడియోలో విన్నవాళ్లలో నేనొకణ్ణి. మా వీధిలో హిందీ వచ్చినవాళ్లు తక్కువ. స్వరం హెచ్చిందా తగ్గిందా అన్నదాన్ని బట్టే బంతి ఎవరి దగ్గరుందో పోల్చుకునేవాళ్లం. గోల్ అని తెలియగానే గంతులు వేశామే తప్ప, గీత దాటిందా అని అడిగిన మనిషి లేడు. ఇప్పటికీ మనవైపు ఎవరూ అడగరు. సరిహద్దుకు ఆవల మాత్రం ఆ ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంటుంది. మీ మిత్రబృందం జాబితాలో 1975 ఎందుకు లేదో ఆలోచించండి.

దానికి మూడేళ్ల ముందు మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ చేతిలో 0-1తో ఓడినప్పుడు అదే పాకిస్తాన్ అంపైర్లను నిందించింది. నింద మాటలతో ఆగలేదు. వాళ్లవైపు మనుషులు అంతర్జాతీయ హాకీ సమాఖ్య అధ్యక్షుడు రెనే ఫ్రాంక్ మీద నీళ్లు కుమ్మరించారు, ఆటగాళ్లు పతకాల వేదిక మీద అమర్యాదగా ప్రవర్తించారు. 11 మందిపై జీవితకాల నిషేధం పడింది. తరువాత ఎత్తివేశారు గానీ, ఆ ఫైనల్ పేరు చెబితే మైకేల్ క్రాజ్ గోల్ కంటే ఆ నీళ్లే ముందు గుర్తుకు వస్తాయి. అంపైరింగ్ నిజంగా లోపభూయిష్ఠమా కాదా అన్న విచారణే అడుగున పడిపోయింది.

ఇక మన చేతులారా జారవిడుచుకున్నది 1973. ఆమ్‌స్టెల్వీన్ ఫైనల్‌లో సుర్జీత్ మొదట్లోనే రెండు గోల్స్ కొట్టాక నెదర్లాండ్స్ సమం చేసింది. అదనపు సమయంలో పెనాల్టీ స్ట్రోక్ (గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా నేరుగా గోల్‌కు కొట్టే అవకాశం) దొరికితే గోవిందా గోల్ చేయలేకపోయాడు. చివరికి స్ట్రోక్స్‌లో ఓడాం. అంత పెద్ద ఓటమిని మన పెద్దలు ఏ అంపైర్ నెత్తినా రుద్దలేదు.

ఈలమాస్టారు (విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు), పుత్తూరు

పాఠశాలల పోటీల్లో చాలాకాలం అంపైర్‌గా నిలబడినవాణ్ణి. నేను ఈల ఊదిన మ్యాచ్‌లన్నీ మట్టి మైదానాల మీదివే కాబట్టి అంతర్జాతీయ అంపైర్లతో పోల్చుకునే సాహసం చేయను. అయినా నియమాలు ఒక్కటే కనుక, బాటసారి గారు అడిగిన క్రమంలోనే చెబుతాను.

2018 క్వార్టర్‌ఫైనల్‌ను తీసుకోండి. నెదర్లాండ్స్ తరఫున మొదటి గోల్ తియరీ బ్రింక్‌మన్ 15వ నిమిషంలో చేశాడు. రెండోది, మింక్ వాన్ డెర్ వీర్డెన్ పెనాల్టీ కార్నర్‌ను (ఎదుటి జట్టు తప్పుకు గోల్ గీత మీద నుంచి బంతిని అందించి చేసే దాడిని) గోల్‌గా మలచినది, 50వ నిమిషంలో పడింది. రోహిదాస్‌కు కార్డు పడింది దాని తరువాత. అంటే మనల్ని ఓడించిన గోల్ పడినప్పుడు మైదానంలో మన పదకొండు మందీ ఉన్నారు. ఆ కార్డు వల్ల తిరిగి సమం చేసే అవకాశం కుంచించుకుపోయిందని వాదించవచ్చు. అది న్యాయమైన వాదనే. కార్డు వల్లనే గోల్ పడిందనే మాట మాత్రం కాలక్రమానికే విరుద్ధం. ఎల్లో కార్డుకు కనీసం 5 నిమిషాలు బయట కూర్చోవాలి, తప్పు తీవ్రతను బట్టి అంపైర్ 10కి పెంచవచ్చు. ఆ పెంపు అవసరమా అన్నది అభిప్రాయభేదానికి చోటున్న విషయం. నన్నడిగితే 5 సరిపోయేది.

పాఠకుల్లో చాలామందికి తెలియని ఒక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జట్టు కోరే రిఫరల్, అంటే వీడియో సమీక్ష, కార్డులకు వర్తించదు. గోల్, పెనాల్టీ కార్నర్, పెనాల్టీ స్ట్రోక్‌లకు సంబంధించి గోల్ గీత నుంచి 23 మీటర్ల లోపు ప్రాంతంలో జరిగిన వాటికే అది పరిమితం. అందుచేత ‘అప్పుడే రిఫరల్ ఎందుకు కోరలేదు’ అని కెప్టెన్‌ను తిట్టేవాళ్లు కూడా నియమాలు చదవనివాళ్లే.

2016 గురించి: షూటౌట్‌లో దాడిచేసే ఆటగాడికి 8 సెకన్లు ఉంటాయి. ఆ సమయంలో గోల్‌కీపర్ ఉద్దేశపూర్వకంగా తప్పు చేస్తే పెనాల్టీ స్ట్రోక్, అనుకోకుండా చేస్తే మళ్లీ ప్రయత్నించే అవకాశం. శ్రీజేశ్‌ది తప్పేనా అని నేటికీ వాదించుకోవచ్చు. అయితే ఆ షూటౌట్‌లో మన తరఫున గోల్ చేసింది హర్మన్‌ప్రీత్ ఒక్కరే. రెండేళ్ల తరువాత బ్రెడాలో అదే టోర్నీ ఫైనల్‌లో అదే ఆస్ట్రేలియాతో షూటౌట్‌లో మళ్లీ అదే 3-1తో ఓడాం. ఆ రెండో ఓటమి గురించి మీ నడక బృందంలో ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడారా? మాట్లాడి ఉండరు. నిందించడానికి మనిషి దొరకని ఓటమి త్వరగా మరుగున పడుతుంది.

యర్రావారిపాళెం అభిమాని

మాస్టారు గారి లెక్క 2018 వరకు ఒప్పుకుంటాను. బర్మింగ్‌హామ్‌ను మాత్రం ఆ వరుసలో కట్టడానికి వీల్లేదు. మా మండలం అమ్మాయి, ఏనుమలవారిపల్లె రజని ఆ జట్టులో రెండో గోల్‌కీపర్ కాబట్టి మా ఊళ్లలో ఆ మ్యాచ్‌ను మన కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటాక మేలుకుని చూసినవాళ్లున్నారు. అందుకే మాకు పక్షపాతం ఉందని అనుకున్నా సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆట 1-1తో ముగిసింది. ఆస్ట్రేలియాకు రెబెకా గ్రీనర్, మనకు చివరి క్వార్టర్‌లో వందనా కటారియా గోల్ చేశారు. షూటౌట్‌లో ఆస్ట్రేలియా తరఫున మొదట వచ్చిన రోసీ మలోన్‌ను కెప్టెన్ సవిత అడ్డుకుంది. మన అమ్మాయిలు సంబరపడుతుండగానే, 8 సెకన్ల గడియారం మొదలవలేదు కాబట్టి ఆ ప్రయత్నం చెల్లదన్నారు. మలోన్ మళ్లీ వచ్చింది, ఈసారి గోల్ చేసింది. తరువాత మనవాళ్లు ముగ్గురూ విఫలమయ్యారు, 0-3తో సెమీఫైనల్ పోయింది. గడియారం సిద్ధంగా లేకుండానే షూటౌట్ మొదలైందని, అందుకు క్షమాపణ చెబుతున్నామని అంతర్జాతీయ హాకీ సమాఖ్యే ప్రకటన విడుదల చేసింది.

2016లోనూ 2018లోనూ అంపైర్ తన కంటికి కనబడినదాన్ని బట్టి తీర్పు చెప్పాడు. కన్ను పొరబడవచ్చు, ఆటలో అది మామూలే. బర్మింగ్‌హామ్‌లో మైదానంలో ఉన్న ఏ ఆటగత్తె తప్పూ లేదు, అంపైర్ చూపులోనూ తప్పు లేదు. బల్ల దగ్గర గడియారం చూసుకోవలసినవాళ్లు చూసుకోలేదు. వాళ్ల అజాగ్రత్తకు మూల్యం సవిత చెల్లించింది. పరీక్ష రాసి, సమాధాన పత్రం ఇచ్చేశాక, గంట కొట్టడం మరిచిపోయాం కనుక మళ్లీ రాయండి అన్నట్టుంది.

మిగతా ముగ్గురూ ఎలాగూ గోల్ చేయలేదు కదా అని మాస్టారు అనబోతారని తెలుసు. మొదటి ప్రయత్నాన్నే ఆపిన జట్టు ఎలా ఆడుతుంది, ఆపినది చెల్లదని విన్న జట్టు ఎలా ఆడుతుంది? రెండూ ఒకటేనని ఏ కీపరూ ఒప్పుకోరు. ఆ జట్టే రెండు రోజుల్లో తేరుకుని, న్యూజిలాండ్ చివరి నిమిషంలో సమం చేసిన మ్యాచ్‌ను కూడా షూటౌట్‌లో 2-1తో గెలిచి కాంస్యం తెచ్చింది. షూటౌట్ ఆడటం చేతకాని జట్టు కాదది.

అలిపిరి బాటసారి, తిరుపతి

ముగ్గురికీ ధన్యవాదాలు. పాత రేడియో గారు అడిగిన 1975 ప్రశ్నను రేపటి నడకలో తప్పక పెడతాను. గొడవ అవుతుందని ఇప్పుడే తెలుస్తోంది.

మీరంతా రాసింది చదివాక నాకు నాలుగో మ్యాచ్ ఒకటి తోచింది. పైగా అది మనం గెలిచిన మ్యాచ్. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్. 17వ నిమిషంలో రోహిదాస్ కర్ర బ్రిటన్ ఆటగాడు విల్ కాల్నన్ ముఖానికి తగిలినందుకు, మ్యాచ్ నుంచే పంపేసే రెడ్ కార్డు ఇచ్చారు. 40 నిమిషాలకు పైగా పది మందితో ఆడి, 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. గెలిచాక కూడా హాకీ ఇండియా అంపైరింగ్‌పై ఫిర్యాదు చేసింది: వీడియో సమీక్షల్లో నిలకడ లేదని, షూటౌట్ సమయంలో బ్రిటన్ గోల్‌కీపర్‌కు గోల్ వెనుక నుంచి సూచనలు అందాయని, అతడు టాబ్లెట్ వాడాడని. గెలిచినవాళ్ల ఫిర్యాదు కాబట్టి లోకం పెద్దగా పట్టించుకోలేదు.

అయితే ఆ కార్డు ఆ రోజుతో ఆగలేదు. రోహిదాస్‌పై ఒక మ్యాచ్ నిషేధం పడింది, మన అప్పీలును తోసిపుచ్చారు. జర్మనీతో సెమీఫైనల్‌లో అతడు లేడు. పెనాల్టీ కార్నర్ పడినప్పుడు గోల్ గీత దగ్గర నుంచి మొదట దూసుకెళ్లి డ్రాగ్ ఫ్లిక్‌కు (కర్రతో ఈడ్చి గోల్ వైపు విసిరే బంతికి) ఎదురు నిలిచేది అతడే. ఆ మ్యాచ్‌లో జర్మనీకి మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ మీద గొంజాలో పెయాట్ కొట్టినదే. 2-3తో ఓడాం. తేడా ఒక్క గోల్. నిర్ణయం ఒక మ్యాచ్‌లో, నష్టం మరో మ్యాచ్‌లో. నా ప్రశ్నకు అసలు సమాధానం ఇదేనేమో అని నా అనుమానం.

ఈలమాస్టారు, పుత్తూరు

బర్మింగ్‌హామ్ విషయంలో యర్రావారిపాళెం వారితో ఏకీభవిస్తున్నాను, వారు ఊహించిన అభ్యంతరం నేను చెప్పను. గడియారం నడవకపోతే మళ్లీ తీసుకోవాలన్నది నియమమే కాబట్టి అంపైర్ చేయగలిగింది మరొకటి లేదు. తప్పంతా అంతకుముందే, గడియారం సిద్ధం కాకుండా ఆటగత్తెను పరుగుకు అనుమతించిన చోట జరిగింది.

పారిస్ విషయంలో సగమే ఒప్పుకుంటాను. కర్ర ఎంత ఎత్తుకు లేచింది, ఎదుటివాడికి ఎంత ప్రమాదం అన్నది అంపైర్ చూస్తాడు. రోహిదాస్ కావాలని కొట్టలేదని మనకు అనిపించినంత మాత్రాన కార్డు తప్పిపోదు. ఎల్లో ఇచ్చి 10 నిమిషాలు కూర్చోబెడితే సరిపోయేదని నా అభిప్రాయం. కానీ నిషేధం వల్లనే సెమీఫైనల్ పోయిందనడం అతిశయోక్తి. ఆ మ్యాచ్‌లో జర్మనీ రెండో గోల్ పెనాల్టీ స్ట్రోక్, మూడోది 54వ నిమిషంలో మార్కో మిల్ట్‌కౌ చేసిన ఫీల్డ్ గోల్. ఈ రెంటికీ కార్నర్‌లో మొదట దూసుకెళ్లే మనిషితో పనిలేదు.

యర్రావారిపాళెం అభిమాని

అలాగైతే కార్డులను కూడా రిఫరల్ పరిధిలోకి తేవాలని మీరు అంటారా మాస్టారూ? 2018లోనైనా పారిస్‌లోనైనా మన గోడు అదే కదా.

ఈలమాస్టారు, పుత్తూరు

అననండి. పారిస్‌లో మైదానంలోని అంపైర్ మొదట దాన్ని అంత తీవ్రంగా తీసుకోలేదు. రెడ్ కార్డు బయటికి వచ్చింది వీడియో చూసిన తరువాతే.