మూడు ఊళ్ల శాఖలకు ఐపీ చిరునామాల కేటాయింపు ఎలా?

ప్రశ్న, కావలి నుంచి:
నెల్లూరు, కావలి, ఒంగోలులోని మా కళాశాల శాఖలు మూడూ 192.168.1.0/24నే (పరికరాలకిచ్చే 256 ఐపీ చిరునామాల సమూహం; / తర్వాతి సంఖ్య తగ్గేకొద్దీ సమూహం పెద్దదవుతుంది) వాడుతున్నందువల్ల వాటిని ఒకే నెట్‌వర్క్‌గా కలపలేకపోతున్నాము. కొత్త పథకం ఎలా వేసుకోవాలో తెలుపగలరు.

జవాబు, ఒంగోలు నుంచి:
సొంత నెట్‌వర్క్‌ల కోసం కేటాయించిన 10.0.0.0/8 నుంచి ఊరికొక /16 తీసుకోండి. ఒక్కొక్కదానిలో 65,536 చిరునామాలు ఉంటాయి కనుక ప్రయోగశాలలకు, కార్యాలయానికి, కెమెరాలకు విడివిడిగా /24లు ఇచ్చినా, ఆ ఊరి రౌటర్ మిగతా శాఖల రౌటర్లకు ఊరంతటికీ కలిపి ఒకే మార్గాన్ని (ఈ చిరునామాలన్నీ ఇటువైపే అని) ప్రకటిస్తే సరిపోతుంది. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

జవాబు, మార్కాపురం నుంచి:
వసతిగృహం వైఫైకి మాత్రం /24లో పరికరాలకు ఇవ్వగల 254 చిరునామాలు చాలవండీ. /22 ఇస్తే 1,022 పరికరాలు పడతాయి, అయితే దాని మొదటి చిరునామాలో చుక్కల మధ్య ఉన్న మూడవ సంఖ్య నాలుగు గుణిజం కావాలి. తర్వాత పెంచుకోవడానికి పక్కన చిరునామాలు ఖాళీగా వదలకపోవడంతో మేము రెండేళ్లకే అన్నీ మార్చవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. వసతిగృహానికి 10.20.64.0/22 ఇచ్చి, మూడవ సంఖ్య 68 నుంచి 71 వరకు ఉన్నవాటిని ఖాళీగా ఉంచుతాము.