ఊరి పేరు చివర ‘క్యాంపు’

ప్రశ్న:
నిజామాబాద్ జిల్లాలో బోధన్, వర్ని, కోటగిరి వైపు వెళ్తుంటే ఒక ఊరు వస్తుంది, కాస్త దూరంలో అదే పేరుకి ‘క్యాంపు’ తగిలించిన ఇంకో ఊరు వస్తుంది. కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళని తెలుసు. పాలెం, గూడెం, పేట లాంటి మాటలు నోట్లోనే ఉన్నవాళ్ళకి ఈ ఇంగ్లీషు ముక్క ఎందుకు అంటుకుంది? ఇన్నేళ్ళయినా ఎందుకు ఊడలేదు?

జవాబు:
మాట కంటే ముందు కాలవ సంగతి చెప్పుకోవాలి. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. చెరువు కింద వరి అక్కడివాళ్ళకి తరతరాల విద్యే. పెద్ద కాలవ కింద అన్ని ఎకరాలు ఒక్కసారిగా తడిలోకి రావడం మాత్రం కొత్త. కృష్ణా, గోదావరి డెల్టాల్లో 1850ల నాటి ఆనకట్టల కింద రెండు మూడు తరాలు అప్పటికే ఆ సేద్యంలో పండిపోయాయి. అన్నదమ్ముల పంపకాలతో అక్కడ చెక్కలు చిన్నవయ్యాయి, ధరలు పెరిగాయి. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి. అలా కదిలారు.

ఇక క్యాంపు. ఇది రైతులు కనిపెట్టిన మాట కాదని నా అభిప్రాయం. డ్యాము, కాలవ పనుల దగ్గర ఇంజనీర్లు, మేస్త్రీలు, కూలీలు గుడారాల్లో ఉండే చోటు క్యాంపు. ‘దొరగారు క్యాంపుకెళ్ళారు’ అనడం అప్పటికే అందరికీ అలవాటు. వచ్చిన రైతు కూడా పాత ఊళ్ళో ఇల్లు కట్టలేదు. పొలం గట్టునే పాక వేశాడు. ముందు మగవాళ్ళు వచ్చి, తుమ్మకంప కొట్టి, మళ్ళు కట్టి, ఒక పంట చూసుకుని, ఆ తర్వాత ఆడవాళ్ళనీ పిల్లల్నీ తెచ్చుకునేవాళ్ళు. చలిజ్వరాలకి భయపడి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఉంటామో పోతామో తేలని ఆ దశకి క్యాంపు సరిగ్గా అమరింది. పాలెం అంటే స్థిరపడినట్టు. పైగా రెవెన్యూ కాగితాల్లో గ్రామం పేరు ఎలాగూ పాతదే. దాన్నించి వేరు చేసి చెప్పడానికి ఒక తోక చాలు.

మొదట ప్రశ్న అడిగినవారు:
‘సెటిలర్’ అనే మాట ఆ రోజుల్లో ఉందా?

జవాబు:
ఆ కుటుంబాల్లో నేను విన్నది తక్కువ. ‘మాది ఫలానా తాలూకా, కాలవొచ్చాక ఇటొచ్చాం’ అంటారు. సెటిలర్లు అనేది పేపర్ల మాట, ఎన్నికల రోజుల్లో ఎక్కువ వినపడుతుంది.

రుద్రూరు వైపు సభ్యుడు:
మా దిక్కు ‘క్యాంపోళ్ళు’ అంటరు. తగువు పడితే ‘బతకొచ్చినోళ్ళు’. ఒక ముచ్చట మీరు రాయలే. అగ్గువకు భూమి అమ్ముకున్నోళ్ళల్ల కొందరు మళ్ళ అవే మళ్ళల్ల కైకిలికి పోయిండ్రు. పాలెం అనలేదు సరే, మా ఊర్లెకు వచ్చి మాతోని కలిసి ఎందుకు ఉండలే?

జవాబు:
సూటి ప్రశ్న. పొలం దగ్గర కాపలా, కాలవ నీటి వంతు అనేవి ఒక కారణం. కులం, బంధుత్వం ఇంకో కారణం, దాన్ని దాచక్కర్లేదు. ఒక వైపు నుంచి వచ్చిన చుట్టాలంతా ఒక్కచోటే దిగారు. పిల్లని ఇవ్వడం, తెచ్చుకోవడం చాలాకాలం డెల్టాతోనే సాగింది. దీని బరువు ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడింది. కొత్త కోడలికి పుట్టిల్లు బెజవాడ అవతల. పురిటికి వెళ్ళాలంటే నిజామాబాద్‌లో మీటరుగేజి బండెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఇంకో బండి పట్టుకోవాలి. హైదరాబాదు సంస్థానం సరిహద్దులో కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే సుంకం వాళ్ళు, మూటలు చూసేవాళ్ళు. డబ్బూ మారిపోయేది. ఇక్కడ నిజాం రూపాయి హాలీ సిక్కా, అక్కడ బ్రిటిషు రూపాయి కల్దారు. ఆరు కల్దార్లకి ఇంచుమించు ఏడు హాలీలు.

ఇంట్లో ఒక భాష, పొలంలో ఒక భాష, కచేరీలో ఇంకో భాష. ఇంట్లో కూలి, పాలేరు. పొలానికొచ్చిన మనిషితో కైకిలి, జీతగాడు. పట్వారీ దగ్గర పహాణీ (భూమి, పంటల లెక్క), షిక్మీ (కౌలు), పైన రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరం. కాగితం మీద 1345 ఫసలీ అని ఉంటే మనవలు ఏడు వందల ఏళ్ళ నాటి దస్తావేజు అనుకుని మురిసిపోతారు. 590 కలుపుకోవాలి, 1935-36 అవుతుంది. పిల్లలు బడిలో ఉర్దూ రాసి ఇంటికొచ్చి పెద్దబాలశిక్ష చదివిన ఇళ్ళూ ఉన్నాయి.

నన్ను ఎక్కువగా పట్టుకున్న జంట మాత్రం సెంటు, గుంట. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు. అంటే గుంట రెండున్నర సెంట్లు. కొన్నది గుంటల్లో. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెద్దాయన మనసులో లెక్క సెంట్లలో. ‘పది గుంటలంటే పాతిక సెంట్లేగా’ అని పైకి అనుకుంటూ మార్చుకోవడం ఆ తరం ముసలివాళ్ళ దగ్గర విన్నాను. వాళ్ళ పిల్లలకి ఆ అవసరం రాలేదు, నేరుగా గుంటల్లోనే ఆలోచిస్తారు. ఊరి పేరు మార్చుకోవడం కంటే కొలత మార్చుకోవడమే స్థిరపడ్డానికి అసలు గుర్తని నాకనిపిస్తుంది.

కర్ణాటకలోని గంగావతి నుంచి ఒకరు:
మా వైపూ క్యాంపులే. తుంగభద్ర డ్యాము 1953లో అయ్యాక ఎడమ కాలవ కిందికి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళు వచ్చారు. గంగావతి పక్కన శ్రీరామనగర్‌లో తెలుగు బాగా వినపడుతుంది. బయటివాళ్ళకి మా సోనామసూరి తెలుసు, మేం తెలియదు. సింధనూరు దగ్గర ఆర్.హెచ్. (పునరావాస) క్యాంపులు మాత్రం మావి కావు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకి ప్రభుత్వం ఇచ్చినవి.

జవాబు:
ఇది చాలా పనికొచ్చే సంగతి. 1956 నవంబరు దాకా రాయచూరు కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. నిజామాబాద్ క్యాంపుకీ సింధనూరు క్యాంపుకీ అప్పట్లో రాజధాని ఒకటే. భూమి కొనుక్కొచ్చిన రైతుకీ, ఇల్లు పోగొట్టుకొచ్చిన కాందిశీకుడికీ అదే మాట సరిపోయిందంటే, క్యాంపు అనేది రైతుల మాట కాదన్న నా ఊహకి కొంచెం బలం వచ్చినట్టే.

రుద్రూరు వైపు సభ్యుడు:
మీ ఊహ సరే. మా ఊరికి పెట్టిన బోర్డు మీద క్యాంపు పేరు పెద్దగ, ఊరి పేరు చిన్నగ ఉన్నది. అదెట్ల?

జవాబు:
బస్సు ఆగేది క్యాంపు దగ్గర కాబట్టేమో. గంగావతి వారికి ఒక ప్రశ్న: మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ సెంట్లే అంటారా, గుంటల్లోకి వచ్చేశారా?