అప్‌డేట్: వానలో నీళ్లు పీల్చుకుంటున్న జాకెట్ సమస్య తీరింది

నా రెయిన్ జాకెట్ పైబట్ట నీళ్లు పీల్చుకుని బరువెక్కుతోందని, లోపల చెమ్మగా ఉంటోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందే నీళ్లు అంటకుండా కొట్టే స్ప్రే కొనకండి, సరిగ్గా ఉతికి చూడండి" అన్న సలహానే పనిచేసింది. ఇన్నాళ్లూ మామూలు డిటర్జెంట్, పైగా ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా వాడాను. బట్టలో మిగిలిపోయిన ఆ జిడ్డే నీటిని పట్టి ఉంచింది. ఈసారి వాటర్‌ప్రూఫ్ బట్టల కోసం అమ్మే లిక్విడ్‌తో ఉతికి, రెండుసార్లు జాడించి, లేబుల్ చూసుకుని డ్రయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పాను. నీళ్లు చల్లితే తామరాకు మీద బొట్లలా జారిపోయాయి! ఆ వేడి తగలడం చాలా ముఖ్యం, పైబట్ట మీద నీటిని జార్చే పాత పూత దానితోనే మళ్లీ పనిచేస్తుంది.

భుజాల మీద మాత్రం, బ్యాగు పట్టీలు రాసుకునే చోట, పూత నిజంగానే అరిగిపోయింది. అక్కడ తడిపి స్ప్రే కొట్టి, మళ్లీ డ్రయర్‌లో వేశాను.

లోపలి పొర చిరిగిందేమో, కుట్లలోంచి నీరు రాకుండా అతికించే టేపు ఊడిందేమో అని పడ్డ టెన్షన్ అనవసరం. ఆ చెమ్మ నా చెమటే. పైబట్ట తడిసి ముద్దయితే ఆవిరి బయటికి పోదు. నిన్న గంటసేపు వానలో నడిచాను, లోపలి చొక్కా పొడిగానే ఉంది.